ఒకే తల్లి బిడ్డలు, ఒకే దాణా. ఒకదానికి ఫ్యాట్ 2.6, ఇంకోదానికి 3.6. జీన్స్ చెడిపోయాయా?

పలమనేరు పాలరైతు:

నమస్తే అందరికీ. మాది పలమనేరు పక్కన పల్లె. ఇంటి దగ్గర ఎనిమిది సీమ ఆవులున్నాయి. ఐదు పాలిస్తున్నాయి, మూడు చూడితో వట్టిపోయి ఉన్నాయి. ఒక్కటి జెర్సీ క్రాసు, మిగతావన్నీ హోల్‌స్టీన్ ఫ్రీజియన్, అంటే హెచ్‌ఎఫ్ క్రాసులు.

సంక్రాంతి దాటాక ఫ్యాట్ మెల్లగా దిగడం మొదలైంది. క్యాను మొత్తం మీద 3.8 వచ్చేది. ఇప్పుడు 3.0, ఒక్కో పూట 2.9. ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలే గట్టి పదార్థం) మాత్రం 8.4 దగ్గరే నిలబడి ఉంది. పాలు తగ్గలేదు, ఇంకా ఒకట్రెండు లీటర్లు పెరిగాయి కూడా. అయినా ఫ్యాట్ 3.2 దాటకపోతే సెంటర్‌లో రేటు కోసేస్తారు కదా, బిల్లు చూస్తే ఏడుపొస్తోంది. మెషీన్ మీద అనుమానంతో వేరేచోట యాసిడ్ పోసి తిప్పే పాత పద్ధతిలో చూపించాను. అక్కడా అదే అంకె.

ఒక్కో ఆవు పాలు విడిగా చూపిస్తే అసలు విచిత్రం బయటపడింది. గౌరి, లచ్చి అని రెండున్నాయి. తల్లి ఒకటే, సూది వేయించిన ఎద్దు నంబరూ ఒకటే. పక్కపక్కనే కడతాం, దాణా ఒకే కుప్పలోంచి పెడతాం. గౌరికి 2.6, లచ్చికి 3.6. గౌరి ఈని రెండు నెలలు, లచ్చి ఈని ఆరు నెలలు.

బేరగాడు వచ్చి "దీని జీన్స్ చెడిపోయినాయి, మార్చేయ్" అంటున్నాడు. ఇంకొకాయన జీన్స్‌ని యాక్టివేట్ చేసే పౌడరంటూ ప్యాకెట్ తెచ్చాడు, కిలో 900 అట. నా డౌటు ఏంటంటే, జీన్స్ పుట్టుకతో వచ్చేవి కదా? పోయిన ఈతలో ఇదే గౌరి 3.8 ఇచ్చింది. జీన్ మధ్యలో మారుతుందా? మారకపోతే ఫ్యాట్ ఎందుకు మారింది?

కుప్పం సుబ్బు:

అన్నా, ముందు శాంపిల్ ఎప్పుడు తీశావో చెప్పు. మొదట వచ్చే పాలు పలచగా ఉంటాయి, చివరి పాలల్లోనే వెన్నంతా. మా ఇంట్లో చివర్లో దూడను వదులుతాం, చిక్కటివన్నీ అదే తాగేస్తుంది, సెంటర్‌కు పలచటివి పోతాయి. గౌరికి దూడ ఉంటే అక్కడే దొరికిపోతుంది నీ లెక్క. అమ్మడం మాత్రం ఇప్పుడొద్దు, సంతలో రేట్లు అస్సలు లేవు.

పలమనేరు పాలరైతు:

లేదు సుబ్బూ, మిషన్‌తో పూర్తిగా పిండి, బకెట్ బాగా కలిపాకే శాంపిల్ తీశాను. దూడలకు విడిగా సీసాతో పడతాం.

తిరుపతి డాక్టరమ్మ:

పౌడర్ కొనకండి, గౌరిని అమ్మకండి. మిగతాది తీరిగ్గా చెప్తాను.

నేను పశువైద్యం చదివి, ఇప్పుడు పొదుగు కణాల్లో ఏ జీన్ ఎప్పుడు ఎంత పనిచేస్తోందో చూసే ల్యాబ్‌లో ఉన్నాను. అన్న అడిగింది నా రోజువారీ పనే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

గౌరి చెవిలో ఉన్న డీఎన్ఏ, పొదుగులో ఉన్న డీఎన్ఏ ఒకటే. పాలలో ముఖ్యమైన ప్రోటీన్ కేసిన్. దాన్ని తయారుచేసే జీన్లు చెవి కణాల్లోనూ ఉన్నాయి, కానీ అక్కడ మూసుకుని ఉంటాయి. పెయ్యగా ఉన్నప్పుడు పొదుగులోనూ అంతే. చూడి నిండి, ఈనే ముందు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పడిపోయి, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ అందుకున్నాక స్టాట్5 అనే ప్రోటీన్ కణ కేంద్రకంలోకి వెళ్లి ఆ జీన్ల ముందు భాగాన్ని పట్టుకుంటుంది. అప్పుడు గానీ జీన్ పని మొదలుపెట్టదు. బోరులో మోటారు ఎప్పుడూ ఉంటుంది, స్టార్టర్ నొక్కితేనే కదా నీళ్లు. బేరగాడు మోటారు కాలిపోయిందంటున్నాడు. నేను స్టార్టర్ చూద్దామంటున్నాను.

పైగా ఇది ఆన్, ఆఫ్ అని రెండే స్థితులు కాదు. ఒక జీన్ నుంచి ఎన్ని ఎంఆర్ఎన్ఏ కాపీలు (ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి తీసే నకళ్లు) వస్తున్నాయన్నది మేతను బట్టి, ఎండను బట్టి, రోగాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మేం కొలిచేది ఆ కాపీల్నే. దానికి పొదుగు కోయక్కర్లేదు, పాలు చాలు. వెన్న బిందువు కణంలోంచి బయటికొచ్చేటప్పుడు ఆ కణం పొరనే చుట్టుకుని వస్తుంది, కొన్ని బిందువులకు లోపలి సరుకు కూడా కాస్త అంటుకుంటుంది. అందులో ఆ ఎంఆర్ఎన్ఏ దొరుకుతుంది. పిండిన వెంటనే పాలను ఐసులో పెట్టి తెచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ట్యూబు మూతికి మీగడ బిళ్ల కడుతుంది. దాన్ని చిన్న గరిటెతో ఎత్తి, ఆర్ఎన్ఏ చెడకుండా కాపాడే ట్రైజాల్ అనే ద్రావణంలో కలిపేయాలి. ఆలస్యమైతే ఆర్ఎన్ఏ ముక్కలైపోతుంది. అందుకే మా ఉద్యోగంలో సగం తెల్లారకముందే ఐసు డబ్బా పట్టుకుని కొట్టాల చుట్టూ తిరగడం. ఇంట్లో వాళ్లు దీన్ని రీసెర్చ్ అంటే నమ్మరు.

ఇక మీ అంకెలు చూద్దాం. ఫ్యాట్ పడింది. ఎస్ఎన్ఎఫ్ కదలలేదు. పాలు కొంచెం పెరిగాయి. పొదుగుకు జబ్బు చేస్తే ఇలా ఉండదు, పాలూ ఎస్ఎన్ఎఫ్ కూడా దెబ్బతింటాయి. ఇక్కడ కేసిన్ జీన్లు, లాక్టోజ్ తయారుచేసేవి బాగానే పనిచేస్తున్నాయి, వెన్న తయారుచేసే జీన్ల గుంపు ఒక్కటే మందగించింది. అలా చేసేది దాదాపు ఎప్పుడూ మేతే. కాబట్టి చెప్పండి, సంక్రాంతి తర్వాత దాణాలో ఏం మార్చారు? తవుడు ఎలాంటిది? వరిగడ్డి ఎంత పెడుతున్నారు? మధ్యాహ్నం కొట్టంలోకి వెళ్తే ఎన్ని ఆవులు నెమరేస్తూ కనబడుతున్నాయి?

పలమనేరు పాలరైతు:

మేడమ్, మీరు మా కొట్టం చూసినట్టే అడిగారు. పత్తి చెక్క రేటు పెరిగిందని తగ్గించాం. వరి కోతలయ్యాక మిల్లులో నూనె తీయని తవుడు చవగ్గా వచ్చింది, బస్తాలకు బస్తాలు దించుకున్నాం. మొక్కజొన్న పిండీ పెంచాం. గడ్డివామి అయిపోయింది, కొత్తగడ్డి ఇంకా కొనలేదు. సూపర్ నేపియర్ లేతగా కోసి కట్టర్‌లో సన్నగా కొట్టి పెడుతున్నాం. పాలు పెరిగేసరికి మంచిదే చేశామనుకున్నాం.

నెమరు సంగతి ఈ మధ్యాహ్నం చూశాను. ఐదింట్లో రెండే నెమరేస్తున్నాయి. గౌరి వేయడం లేదు. ఇంకో మాట, గౌరి దాణా పెట్టగానే ఊడ్చేస్తుంది, తలెత్తదు. లచ్చి కాస్త తిని, గడ్డి దగ్గరికి పోయి, మళ్లీ వస్తుంది.

తిరుపతి డాక్టరమ్మ:

దొరికింది. నూనె తవుడు, పిండి, పీచు లేని మేత, మూడూ కలిసొచ్చాయి.

తవుడు నూనెలో సుమారు మూడో వంతు లినోలెయిక్ ఆమ్లం. ఆవు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు ఈ రకం నూనె పడదు, దాన్ని విరిచి గట్టి కొవ్వుగా మార్చేసుకుంటాయి. పీచు బాగా ఉండి, నెమరు బాగా వేసి, లాలాజలం దిగుతూ ఉంటే ఆ మార్పు మామూలు దారిలో సాగుతుంది. పిండి ఎక్కువై పొట్ట పులిస్తే సూక్ష్మజీవుల జాతులే మారిపోతాయి, మార్పు అడ్డదారి పడుతుంది. ఆ దారిలో పుట్టేదే ట్రాన్స్-10, సిస్-12 సీఎల్ఏ అనే కొవ్వు ఆమ్లం. పేరు భయపెడుతుంది గానీ పరిమాణం చూస్తే చిటికెడు. 2000లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని రోజుకు 10 గ్రాముల చొప్పున పెద్దపొట్ట దాటించి నేరుగా అసలు జీర్ణాశయంలోకి పంపి చూశారు. పాలలో వెన్న 40 శాతానికి పైగా పడిపోయింది. పాల లీటర్లు తగ్గలేదు, ప్రోటీన్ తగ్గలేదు. అచ్చం మీ బిల్లు లాగే.

ఆ చిటికెడు పొదుగులో చేసే పని చూడండి. పాల వెన్నలో దాదాపు సగం పొదుగే సొంతంగా తయారుచేసుకుంటుంది, గడ్డీ చొప్పా పొట్టలో పులిసి వచ్చే అసిటేట్‌తో. మిగతాది రక్తంలోంచి తీసుకుంటుంది. ఈ రెండు పనులకూ కావాల్సిన జీన్లను ఒకేసారి లేపే ప్రోటీన్ ఒకటుంది, ఎస్ఆర్ఈబీపీ1 అంటాం. మామూలప్పుడు అది కణంలో ఒక పొరకు కట్టేసినట్టు ఉంటుంది. వెన్న అవసరమైనప్పుడు తెగి, ఆ ముక్క కేంద్రకంలోకి పోయి జీన్లను పట్టుకుంటుంది. ట్రాన్స్-10 ఆమ్లం ఉన్న పొదుగులో అలా తెగి లోపలికి పోయే ముక్క తగ్గిపోతుంది. దాంతో కొవ్వు గొలుసులు కట్టే ఏసీసీ, ఫాస్ జీన్లు, రక్తంలోంచి కొవ్వు అందుకునే ఎల్‌పీఎల్ జీను, అన్నీ కలిసి నెమ్మదిస్తాయి. డీఎన్ఏలో ఒక్క అక్షరం మారలేదు. దాణా మారితే దాన్ని చదవడం మారింది.

మేత మారితే పాలలో వెన్న పడిపోతుందని ఫ్రాన్సులో బూసింగాల్ట్ 1845లోనే రాశాడు. ఈ ఆమ్లం దొరకడానికి మాత్రం ఇంకో 150 ఏళ్లు పట్టింది. ఈలోగా ఎన్ని మంచి ఆవులు "జాతి మంచిది కాదు" అనిపించుకుని కబేళాకు పోయాయో.

గౌరికీ లచ్చికీ తేడా ఎందుకంటారా? గౌరి ఈని రెండు నెలలు, పాలు పొంగే సమయం. పాలు ఎక్కువగా ఉన్నప్పుడు ఫ్యాట్ శాతం మామూలుగానే కాస్త కిందికి ఉంటుంది. పైగా దాణా మొత్తం ఒక్క ఊపులో లాగించేస్తోంది, పొట్ట ఒక్కసారిగా పులుస్తుంది. లచ్చి మధ్యలో గడ్డి తిని తనకు తెలియకుండానే వైద్యం చేసుకుంటోంది. అక్కాచెల్లెళ్లన్న మాటకొస్తే, ఒకే తల్లీ తండ్రీ అయినా సగటున సగం జీన్లే కలుస్తాయి. ఒక ఇంట్లో అన్నదమ్ములకు ఒకరికి బట్టతల వచ్చి ఇంకొకరికి రాదు కదా.

చేయాల్సింది: నూనె తవుడు బాగా తగ్గించి, దాని బదులు నూనె తీసిన తవుడు వాడండి. పత్తి చెక్క కొంత వెనక్కి తెండి. వరిగడ్డి ఎంత ఖరీదైనా కొనండి, ఇది బతిమాలి చెప్తున్నా. పొద్దున్నే దాణాకు ముందు గడ్డి వేయండి. దాణా రెండు పూటలకు బదులు నాలుగు సార్లు పెట్టండి, గౌరికి తప్పనిసరిగా. నేపియర్‌ను మరీ పొడిలా కొట్టొద్దు, కాస్త ముదరనిచ్చి అంగుళం పైన ముక్క ఉండేలా చూడండి. వంటసోడా ఆవుకు రోజుకు 100 నుంచి 150 గ్రాములు దాణాలో కలపొచ్చు. అన్నీ ఒక్కరోజులో మార్చకండి, వారం పాటు మెల్లగా మార్చండి. ఫ్యాట్ రెండో వారంలో కదలడం మొదలై, మూడు వారాలకు దాదాపు పాత అంకెకు రావాలి. ఒక లీటరు పాలు తగ్గితే కంగారు పడకండి.

పౌడర్ మీద లోపల ఏముందో రాసి ఉందా? సోడానో ఈస్టో అయితే అవి విడిగా చాలా చవక. ఏమీ రాయకపోతే వాళ్లు చెప్పే జీన్ కథ అంతా కిలోకు 900 పెట్టి కొంటున్న కథే.

కరీంనగర్ బర్రెలు:

డాక్టరమ్మా, మా ముర్రా బర్రెలకు ఏళ్ల తరబడి తవుడే పెడుతున్నం, 7 ఫ్యాట్‌కు తగ్గదు. ఇది జీన్ కాదంటే ఎట్ల? ఏ2 జీన్ ఉన్నందుకే కదా వీటి పాలు చిక్కగా ఉండేది?

తిరుపతి డాక్టరమ్మ:

అన్నా, జీన్ లెక్కలోకి రాదని నేననలేదు. మారిపోలేదన్నాను. మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి.

ఏ2 అంటే బీటా కేసిన్ ప్రోటీన్‌లో 67వ స్థానంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఉండటం. అక్కడ హిస్టిడిన్ ఉంటే ఏ1. బర్రెల్లో ఉండేది ఏ2యే, మన నాటు ఆవుల్లోనూ ఎక్కువగా అదే. కానీ దానికీ ఫ్యాట్‌కూ సంబంధం లేదు. ఏ1 పాలు జబ్బులు తెస్తాయన్న ప్రచారాన్ని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో పరిశీలించి, కారణ సంబంధం తేలలేదని చెప్పింది. ఏ2 అని సీసా మీద రాసి రెట్టింపు రేటు పెట్టేవాళ్లకు మాత్రం నా మాట నచ్చదు.

చిక్కదనంలో చేయి ఉన్న జీన్ వేరే ఉంది, డీజీఏటీ1, ఆవుల్లో 14వ క్రోమోజోమ్ మీద. ముక్కల్ని కలిపి వెన్నగా ముగించే చివరి పని దీనిదే. ఈ ప్రోటీన్ 232వ స్థానంలో లైసిన్ ఉంటే ఫ్యాట్ శాతం ఎక్కువ, అలనిన్ ఉంటే పాలు ఎక్కువ, శాతం తక్కువ. ఇది 2002లో బయటపడింది. హెచ్‌ఎఫ్‌లో రెండు రకాలూ ఉన్నాయి, జెర్సీలో లైసిన్ రకం ఎక్కువ. మన దేశవాళీ ఆవుల్నీ బర్రెల్నీ పరీక్షించినప్పుడు దాదాపు అన్నీ లైసిన్ రకమే వచ్చాయి. ఇది పుట్టుకతో వచ్చేది, జీవితాంతం మారదు. ఫ్యాట్ శాతంలో ఆవుకూ ఆవుకూ ఉండే తేడాలో సుమారు సగం వంశం వల్లే. పాల లీటర్లలో అయితే మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి సూది వేయించేటప్పుడు ఎద్దు తల్లి ఫ్యాట్ ఎంతో అడగడం దండగ కాదు. మన ఒంగోలు, గిర్, సాహివాల్ జాతుల డీఎన్ఏ చదవడానికి హైదరాబాద్‌లోని పశు బయోటెక్నాలజీ పరిశోధన సంస్థ ఎన్ఐఏబీ 2021లో ఇండిగౌ అనే చిప్ కూడా తెచ్చింది. అది రేపటి పెయ్యల్ని ఎంచుకోవడానికి. ఈ నెల బిల్లు దాంతో మారదు.

ఇంకోటి, శాతం చూసి మోసపోవద్దు. 5 ఫ్యాట్ ఉన్న 3 లీటర్ల పాలలో వెన్న సుమారు 150 గ్రాములు. 3.6 ఉన్న 12 లీటర్లలో 430 గ్రాముల పైన.

నల్లగొండ అనసూయ:

అక్కా, మాది తిరకాసు. ఫ్యాట్ 4 ఉంటోంది, ఎస్ఎన్ఎఫ్ 7.9. సెంటర్‌లో నీళ్లు కలిపావంటున్నారు. చుక్క నీళ్లు కలపలేదు. దీన్నీ జీన్స్ మీదకే తోయొచ్చా?

తిరుపతి డాక్టరమ్మ:

అనసూయా, ముందు నాలుగు చన్నుల పాలూ విడివిడిగా, పొదుగువాపును పట్టిచ్చే సీఎంటీ ద్రావణంతో చూపించు. చిక్కగా జిగురు కడితే పైకి కనబడని పొదుగువాపు. ఎస్ఎన్ఎఫ్ అంటే ఎక్కువ భాగం లాక్టోజ్, ప్రోటీన్. పొదుగువాపులో లాక్టోజ్, ప్రోటీన్‌లో ముఖ్యమైన కేసిన్ పడిపోతాయి.

ఇందులోనూ జీన్ పాత్ర ఉంది. 2006లో జర్మనీ పరిశోధకులు ఈ.కోలి బ్యాక్టీరియాతో పొదుగువాపు వచ్చిన ఆవుల్ని చూశారు. ఆల్ఫా ఎస్1 కేసిన్ జీన్‌ను లేపడానికి స్టాట్5 వచ్చి పట్టుకునే చోట డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు మళ్లీ అతుక్కున్నాయి. ఆ చన్ను వైపు కేసిన్ ఉత్పత్తి ఉన్నట్టుండి ఆగిపోయింది. రోగం తగ్గినా ఆ ఈతలో కొన్ని చన్నులు మునుపటిలా ఎందుకు కోలుకోవో ఆలోచిస్తే నాకెప్పుడూ ఇదే గుర్తొస్తుంది. ఆలస్యం చేయకు, ఈ వారమే మీ పశువైద్యుణ్ని పిలువు. సీఎంటీ బాగుంటే అప్పుడు మేతలో పోషకాలు చూద్దాం.

విస్కాన్సిన్ శ్రీను:

ఇక్కడ డెయిరీల్లో ట్యాంకు శాంపిల్‌లోనే ఇన్‌ఫ్రారెడ్‌తో పొదుగు సొంతంగా చేసే కొవ్వు ఆమ్లాలు ఎంత, రక్తంలోంచి వచ్చేవి ఎంత అని విడదీసి రిపోర్టు ఇస్తారు. సొంతవి తగ్గితే న్యూట్రిషనిస్టు వెంటనే పీచు చూస్తాడు. మన సెంటర్లలో కూడా అలాంటిది వస్తే ఈ గోల తప్పుతుంది.

పలమనేరు పాలరైతు:

మేడమ్, చాలా థ్యాంక్స్. గడ్డి ట్రాక్టరు మాట్లాడాను, రేపు దిగుతుంది. గౌరికి దాణా నాలుగు సార్లు పెట్టే పని మా అమ్మ తీసుకుంది. రెండు చిన్న డౌట్లు. నూనె తవుడు నాలుగు బస్తాలు మిగిలింది, పారేయాలా? వట్టిపోయిన మూడింటినీ బయట చెట్టు లేని చోట కట్టేస్తున్నాం, పాలివ్వవు కదా అని. అవైతే ఎండలో పర్లేదా?

తిరుపతి డాక్టరమ్మ:

రెండోది ముందు. పర్లేదు కాదు, వెంటనే మార్చండి. ఈనబోయే ముందు చివరి నెలన్నర పొదుగు కణాలు కొత్తగా పుట్టే సమయం. అప్పుడు ఎండదెబ్బ తగిలితే ఆ కణాలు తక్కువ పుడతాయి, ఈనాక ఆ ఈతంతా పాలు తగ్గుతాయి. ఫ్లోరిడాలో ఏళ్ల తరబడి చూశారు, కడుపులో ఉన్న పెయ్య పెరిగి పెద్దయ్యాక అది కూడా తక్కువే ఇచ్చింది. ఆ పెయ్యల్లో డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులే తేడాగా కనిపించాయి. పాలిచ్చేవాటికి ఫ్యాన్ పెట్టి వీటిని ఎండకు వదిలేయడం మన దగ్గర ప్రతి ఊళ్లో చూస్తున్నా. నీడ, పక్కనే నీళ్లు, మధ్యాహ్నం ఒంటి మీద నీళ్లు కొట్టడం, ఇవి చాలు.

తవుడు పారేయక్కర్లేదు. పెయ్యలకు, వట్టిపోయినవాటికి దాణాలో కొద్దికొద్దిగా కలపండి. అన్ని పూటలా కాదు. కానీ నిల్వ పెట్టొద్దు. నూనె తవుడు ఎండాకాలంలో తొందరగా మక్కుతుంది, చేదు వాసన వస్తే దేనికీ పెట్టకండి. గడ్డి దిగిన రోజు నుంచి గౌరి ఫ్యాట్ మాత్రం విడిగా రాసి పెట్టుకోండి, క్యాను అంకెలో దాని సంగతి కలిసిపోతుంది.